రాజా కేసు: ఫిట్స్ వచ్చిన ఆఫ్రికన్ గ్రే చిలుక

విజయనగరం నుంచి చీపురుపల్లి వెళ్లే దారిలో ఒక మామిడితోటలో మా చిలుకల సంరక్షణ కేంద్రం ఉంది. ముచ్చటపడి కొనుక్కుని, తర్వాత ఏదో ఒక కారణంతో పెంచలేకపోయినవాళ్లు తెచ్చి ఇచ్చిన విదేశీ చిలుకలు ఇక్కడ ఉంటాయి. బడ్జీలు, లవ్‌బర్డ్స్, కాక్‌టీల్స్ ఎక్కువ. కొన్యూర్లు కొన్ని. ఆఫ్రికన్ గ్రేలు తక్కువే కానీ మా పనిలో సగం వాటి చుట్టూనే తిరుగుతుంది.

ఇది అలాంటి ఒక గ్రే కేసు. ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు రాజా. వాళ్లు చెప్పిన కంప్లయింట్లు మూడు: గంటల తరబడి అరుస్తుంది, దగ్గరికి వెళ్తే కరుస్తుంది, రొమ్ము మీద ఈకలు పీకేసుకుంటుంది. చిలుకని వదులుకునే ప్రతి ఇంట్లోనూ దాదాపు ఇవే మాటలు వింటాం. "పొగరెక్కింది", "మొండిదైపోయింది" అని అంతా పక్షి గుణం మీదకి నెట్టేస్తారు. రాజా విషయంలో ఆ మొండితనం వెనక ఒంట్లో లోపం ఎంతో, ఒంటరితనం ఎంతో దాదాపు విడివిడిగా చూడగలిగాం. గ్రేలని పెంచేవాళ్లకీ, అప్పుడప్పుడూ చిలుకలు చూడాల్సి వచ్చే పశువైద్యులకీ పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఎందుకు ఇచ్చేశారు

యజమాని రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన. ఇల్లు ఆమదాలవలసలో. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాదే, 2014లో, విశాఖపట్నంలో పిల్లని కొన్నారు. కాలికి ఉన్న రింగు కూడా అదే చెప్పింది. పిల్లప్పుడే తొడిగే అతుకులేని రింగు అది, దాని మీద 14 అన్న అంకె చెక్కి ఉంది. గ్రే పిల్లలకి కంటిపాప చుట్టూ ముదురు బూడిద రంగు వలయం ఉంటుంది. పెరిగేకొద్దీ అది లేత పసుపులోకి మారుతుంది. ఒకసారి మారిపోయాక పక్షిని చూసి వయసు చెప్పడం కుదరదు. అందుకే మేము రింగూ బిల్లూ ముందు అడుగుతాం. బాగా చూసుకుంటే గ్రేలు 40 నుంచి 60 ఏళ్లు బతుకుతాయి. రిటైర్మెంట్ వయసులో కొన్న మనిషి కంటే ఆ పక్షే ఎక్కువకాలం ఉండే అవకాశం ఉంది. అమ్మిన దుకాణంలో ఆ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇవ్వడానికి కారణం మాత్రం వయసు కాదు, మనవడు. బాబుకి తరచూ ఆయాసం వస్తోంది. పిల్లల డాక్టరు "ఇంట్లో పక్షులు గానీ ఉన్నాయా?" అని అడిగారట. గ్రేలు, కాకటూలు, కాక్‌టీల్స్ ఒంటి మీద ఒక రకం మెత్తటి ఈకలు ఉంటాయి. అవి చివర్ల నుంచి పొడిగా రాలుతూనే ఉంటాయి. మిగతా ఈకలు తడవకుండా కాపాడేది ఆ పొడే. కానీ మూసిన హాల్లో అదే గాల్లో తేలుతుంది. ఆ ఇంట్లో ఫ్యాన్ రెక్కల మీద, టీవీ మీద టాల్కం పౌడర్ చల్లినట్టు తెల్లగా పేరుకుని ఉంది. కోడలు వేలితో రాసి చూపించింది.

"అమ్మా, ఇది అరవదు, మాటాడతాది. మా గుంటడికి ఆయాసం లేపోతే దీన్ని ఎవులికీ ఇవ్వను," అన్నారు పెద్దాయన. నేను వాదించలేదు. పక్షిని తెచ్చి ఇచ్చేవాళ్లని నిలదీయడం మా పద్ధతి కాదు. ఒకరిని తిడితే ఆ మాట పాకుతుంది, రెండోవాళ్లు మా దాకా రాకుండా పంజరం తలుపు తీసి "ఎగిరిపోయింది" అంటారు. ఇంట్లో పెరిగిన గ్రేని బయట వదిలితే ఎండకో, ఆకలికో, కాకుల చేతిలోనో రోజుల్లోనే పోతుంది.

తీసుకునే ముందు మేము ఒక రోజు దినచర్య మొత్తం రాయించుకుంటాం. ఏం తింటుంది, ఎప్పుడు పడుకుంటుంది, ఎవరిని కరుస్తుంది, ఎవరు నిమిరితే ఊరుకుంటుంది, ఎక్కడ నిమురుతారు. రాజా దినచర్య ఇలా ఉండేది. పొద్దున గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు. పదింటికి టీలో ముంచిన బిస్కెట్. మధ్యాహ్నం పెరుగన్నం. సాయంత్రం జంతిక ముక్కలు. పంజరం హాల్లో అద్దాల కిటికీ పక్కన. రాత్రి సీరియల్స్ అయిపోయేదాకా లైట్లు, టీవీ చప్పుడు, అంతవరకూ మెలకువ. ఎగిరిపోతుందని రెక్క ఈకలు కత్తిరించేవారు. పెద్దాయన రోజూ వీపు మీద, రెక్కల కింద నిమిరేవారు. ఈ జాబితా చదివేసరికే కేసు సగం అర్థమైంది.

కాగితాలు

గ్రేని ఊరికే చేతులు మార్చుకోవడానికి లేదు. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో, ఆఫ్రికన్ గ్రే 2017 నుంచి అన్నిటికంటే కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో సైటిస్ జాబితాలోని జీవులన్నీ నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన రిజిస్ట్రేషన్ నియమాల ప్రకారం అప్పటికే పెంచుతున్నవాళ్లు ఆరు నెలల్లో, కొత్తగా తెచ్చుకున్నవాళ్లు 30 రోజుల్లో కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వివరాలు పెట్టాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. బడ్జీ, కాక్‌టీల్, పీచ్‌ఫేస్ లవ్‌బర్డ్ సైటిస్ జాబితాలో లేవు కాబట్టి వాటికి ఈ బాధ లేదు. పెద్దాయన పద్ధతి గల మనిషి. 2020లో కేంద్ర ప్రభుత్వం స్వచ్ఛందంగా వివరాలు ఇమ్మన్నప్పుడే ఇచ్చారు, 2024లో కొడుకు రిజిస్ట్రేషన్ చేయించాడు. కాగితాలన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి. బదిలీ సాఫీగా అయిపోయింది.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చే ఫోన్లు రామచిలుకల గురించి. మాఘం, ఫాల్గుణం నెలల్లో తాటిచెట్ల తొర్రల్లోంచి పిల్లల్ని తీసి సంతల్లో అమ్ముతారు. ఎండాకాలం వచ్చేసరికి కొన్నవాళ్లకి విసుగొస్తుంది. రామచిలుక, భుజాన ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలుక రెండూ మన అడవి పక్షులు, రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. కొన్నా, పెంచినా నేరమే. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. అలాంటి పక్షుల్ని పెట్టుకునే రెస్క్యూ సెంటర్‌కి సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు ఉండాలి, మాకు లేదు. కాబట్టి ఫోన్ చేసినవాళ్లని దగ్గర్లోని అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి పంపుతాం, భయపడితే మేమూ తోడు వెళ్తాం. అడవి పక్షినీ పెంపుడు పక్షినీ ఒకచోట పెడితే ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుతుంది. చట్టం లేకపోయినా ఆ పని చేయకూడదు.

క్వారంటైన్ గదిలో

కొత్తగా వచ్చిన ఏ పక్షినైనా మిగతా పక్షులకి దూరంగా, వేరే గాలి వచ్చే గదిలో ఉంచుతాం. టెస్టుల ఫలితాలన్నీ వచ్చి, నెలన్నర దాకా గడిచాకే బయటికి. ఆ గదికి వేరే చెప్పులు, వేరే గిన్నెలు, వేరే గుడ్డలు. ముందు ఆరోగ్యంగా ఉన్న పక్షుల పని ముగించుకుని చివర్లో క్వారంటైన్ గదిలోకి వెళ్లాలి, అటు నుంచి ఇటు రాకూడదు. రెట్టల్ని పొడిగా ఊడ్వకూడదు, నీళ్లు చల్లి తడిపి తీయాలి, మాస్కు పెట్టుకోవాలి. సిటకోసిస్ అనే జబ్బు చిలుకల ఎండిన రెట్ట దుమ్ములోంచి మనుషులకి పాకుతుంది, న్యుమోనియాలా వస్తుంది. మా దగ్గర పనిచేసేవాళ్లకి ఒక మాట ఎప్పుడూ చెప్తాం: జ్వరం, పొడిదగ్గు వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్తే "నేను చిలుకల దగ్గర పనిచేస్తాను" అని ముందే చెప్పండి. ఆ మాట వింటే ఇచ్చే మందే మారుతుంది.

రాజాని తువ్వాలులో చుట్టి చూశాం. చుట్టేటప్పుడు రొమ్ముని గట్టిగా అదమకూడదు. పక్షులకి మనలా ఉదరవితానం (ఊపిరి ఆడించే, ఛాతీకీ పొట్టకీ మధ్య పొర) ఉండదు. రొమ్ము ఎముక కదలకపోతే ఊపిరి ఆడదు, చేతుల్లోనే పోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి మేము మొదట నేర్పే పని ఇదే.

బరువు 378 గ్రాములు. పెద్ద రకం గ్రేకి 400 పైన ఉండాలి. రొమ్ము ఎముక వేలికి పదునుగా తగిలింది, రెండు పక్కలా కండ పల్చబడి ఉంది. పై ముక్కు పొరలు పొరలుగా రేగి, ఉండాల్సిన దానికంటే పొడవుగా పెరిగింది. నోట్లో అంగిలి మీద ఉండే చిన్న చిన్న మొనలు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. విటమిన్ ఎ తక్కువైన చిలుకల్లో ఇది మామూలుగా కనిపిస్తుంది. రొమ్ము, తొడల మీద ఈకలు లేవు, బూడిదరంగు నూగు మాత్రం కుచ్చులుగా మిగిలింది. మెడ నుంచి పైకి, అంటే తల మీద, బుగ్గల మీద మాత్రం ఒక్క ఈక చెదరలేదు.

ఆ చివరి విషయం చాలా ముఖ్యం. పక్షి ముక్కు తన తలని అందుకోలేదు. కాబట్టి తల నిండుగా ఉండి ఒళ్లు బోడిగా ఉంటే తనే పీక్కుంటోందని లెక్క. తల మీద కూడా ఈకలు ఊడి, కొత్త ఈకలు వంకర్లు తిరిగి, మొదలు దగ్గర నొక్కుకుపోయి వస్తుంటే మాత్రం ముక్కు-ఈకల వైరస్ జబ్బుని అనుమానించాలి. దానికి మందు లేదు, కేంద్రం మొత్తానికి పాకుతుంది. రాజాకి ఆ లక్షణాలు లేకపోయినా రక్తం, ఈకల నమూనాలు ల్యాబ్‌కి పంపాం. ఆ వైరస్, సిటకోసిస్ రెండూ నెగెటివ్ వచ్చాయి. అదే నమూనాతో చేయించిన డి.ఎన్.ఏ. పరీక్షలో రాజా ఆడపక్షి అని తేలింది. గ్రేలలో ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పేరు మార్చలేదు, ఆ పేరుకే అది పలుకుతుంది.

ఆడపక్షి అని తెలియగానే పెద్దాయన నిమిరే పద్ధతి గుర్తొచ్చింది. చిలుకని తల మీద, మెడ మీద మాత్రమే నిమరాలి. వీపు, తోక మొదలు, రెక్కల కింద నిమిరితే ఆ మనిషిని జంటగా అనుకుంటుంది. హార్మోన్లు రేగుతాయి, మిగతా ఇంటివాళ్లని కరుస్తుంది, జత లేకపోయినా గుడ్లు పెట్టొచ్చు. ఒక్కో గుడ్డు పెంకుకి ఒంట్లోని కాల్షియం పోతుంది. వచ్చిన పక్షి తిండిలో కాల్షియం సరిపడా లేదు.

ఫిట్స్

క్వారంటైన్‌లో ఉండగానే, ఒక పొద్దుట పనిచేసే ఆవిడ పరుగున వచ్చింది: "అమ్మా, బూడిద చిలక పడిపోనాది!" వెళ్లేసరికి రాజా పంజరం అడుగున పక్కకి ఒరిగి ఉంది. వేళ్లు బిగుసుకుపోయి, రెక్కలు కొట్టుకుంటున్నాయి, మెడ వెనక్కి వంగింది. కాసేపటికి ఆగింది. లేచి నిలబడింది కానీ తూలుతోంది, కర్రని పట్టుకోబోయి పట్టు తప్పుతోంది.

ఇలాంటప్పుడు చేయాల్సింది తక్కువ, చేయకూడనిది ఎక్కువ. కర్రలు, గిన్నెలు తీసేసి, అడుగున తువ్వాలు పరిచి, గది చీకటి చేసి, చప్పుడు లేకుండా చూడాలి. ఫోన్లో వీడియో తీయాలి. డాక్టరు వచ్చేసరికి పక్షి మామూలుగా కనిపిస్తుంది కాబట్టి ఆ వీడియోనే అసలు సాక్ష్యం. నోట్లో నీళ్లు, గ్లూకోజ్, ఉల్లిరసం ఏవీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది. ఉల్లి ఎలాగూ పక్షులకి విషమే.

గ్రేకి ఫిట్స్ అంటే మేమూ డాక్టరూ ముందు ఆలోచించేవి రెండు. ఒకటి సీసం, జింకు లాంటి లోహాల విషం. పాత రంగులు, సోల్డరింగ్, చవక పంజరాల పూత కొరికితే వస్తుంది. రాజా పాత పంజరం కడ్డీల రంగు చాలాచోట్ల కొరికేసి ఉంది కాబట్టి ఈ అనుమానం బలంగానే ఉంది. ఎక్స్‌రేలో కడుపులో లోహపు ముక్కలేవీ కనబడలేదు. ఎముకలు కూడా మామూలుగానే ఉన్నాయి. రెండోది కాల్షియం పడిపోవడం. రక్తపరీక్షలో కాల్షియం డెసిలీటరుకి 5.6 మిల్లీగ్రాములు వచ్చింది. గ్రేలలో మామూలుగా 8 పైన ఉండాలి. 6 కంటే తగ్గితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది.

ఎముకలు బాగానే ఉండి రక్తంలో మాత్రం కాల్షియం లేకపోవడం గ్రేలకి ప్రత్యేకమైన సమస్య. మిగతా చిలుకలు అవసరమైతే ఎముకల్లోంచి కాల్షియం తీసి రక్తాన్ని నిలబెట్టుకుంటాయి. గ్రేలు ఆ పని సరిగా చేయలేవు. ఎండ అవసరం కూడా దక్షిణ అమెరికా చిలుకల కంటే గ్రేలకే ఎక్కువ. చర్మం మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితేనే విటమిన్ డి తయారవుతుంది, విటమిన్ డి ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. కిటికీ అద్దం వెలుతురుని పంపుతుంది కానీ ఆ కిరణాల్ని ఆపేస్తుంది. ఆ హాల్లో వెలుగు పుష్కలం, అందుకే ఎండ తగులుతోందనే ఇంటివాళ్లు అనుకున్నారు. అన్నేళ్లూ ఆ పక్షికి ఎండ తగల్లేదన్నమాట. దీనికి తోడు సగం నూనె ఉండే పొద్దుతిరుగుడు గింజలు. వాటిలో కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. ఆ ఫాస్ఫరస్ ఉన్న కొంచెం కాల్షియాన్నీ పట్టుకుపోతుంది.

డాక్టరు కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు, తర్వాత నోటి ద్వారా మందు రాశారు. డోసు ఇక్కడ రాయడం లేదు, కావాలనే. విటమిన్ డి ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి, కాబట్టి బరువు చూసి డాక్టరే చెప్పాలి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉండడం మా జిల్లాలో పశుపక్ష్యాదులు పెంచేవాళ్లకి పెద్ద అండ. అయినా పక్షుల్ని ఎక్కువగా చూసే డాక్టరు దొరకడం మన వైపు ఇంకా కష్టమే. గ్రే పెంచుతున్నవాళ్లు పక్షికి బాగున్నప్పుడే ఒక డాక్టర్ని చూసిపెట్టుకోవాలి.

మందు కంటే నేను ఎక్కువ నమ్మింది ఎండని. రోజూ పొద్దున ఏడు దాటాక పంజరాన్ని బయట పెట్టేవాళ్లం. సగం మీద గోనెసంచి కప్పి, సగం ఎండలో, నీడలోకి వెళ్లాలో ఎండలో ఉండాలో అదే తేల్చుకునేలా. నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుంటే వెంటనే లోపలికి. రోహిణి కార్తెలో ఆరున్నరకే తీసి ఏడున్నరకల్లా లోపల పెట్టేస్తాం. మొదటి రోజుల్లో రాజా నీడ చివరికి పోయి నక్కేది. తర్వాత తనే ఎండవైపు జరిగి, ఒక రెక్క చాచి, మెడ కింద ఈకలు విప్పి నిలబడేది. ఇంజెక్షన్ తర్వాత మళ్లీ ఫిట్స్ రాలేదు.

తిండి మార్చడం

అలవాటైన గింజలు ఒక్కసారి ఆపేస్తే చిలుక కొత్తది తినదు, కడుపు మాడ్చుకుంటుంది. కొత్త తిండిని అది తిండిగా గుర్తించదు. అందుకే మా దగ్గర మొదటి పనిముట్టు వంటింటి తూకం. రోజూ పొద్దున తిండి పెట్టకముందు, రెట్ట వేశాక బరువు చూసి గోడ మీది కాగితంలో రాస్తాం. మొదలుపెట్టినప్పటి బరువులో పదోవంతు దాకా తగ్గితే ఆపేసి పాత తిండికి వెనక్కి వెళ్తాం. బక్కపల్చగా వచ్చిన పక్షి కాబట్టి రాజాకి ఇంకా జాగ్రత్తగా, ముందు కొంచెం ఒళ్లు పట్టనిచ్చాకే మార్పు మొదలుపెట్టాం.

పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు కొత్త తిండి, సాయంత్రం కొద్దిసేపు గింజలు. పొద్దున గిన్నెలో ఎర్ర గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్ ఉడికించినవి, పెసల మొలకలు, ఉడికిన శనగలు, చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), మునగాకు. మునగాకు మా ప్రాంతంలో ప్రతి పెరట్లోనూ దొరుకుతుంది, దానిలో కాల్షియం బాగా ఉంటుంది. పాలకూర మాత్రం ఈ కేసులో పెట్టలేదు, అందులో ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. పెరుగన్నం ఆపేశాం. పక్షులకి పాలలోని చక్కెరని అరిగించుకునే శక్తి లేదు. టీ, చాక్లెట్, అవకాడో, ఉప్పు చల్లినవి మా గేటు లోపలికే రానివ్వం. వేరుశనగలు, మొక్కజొన్న బూజు పట్టినవైతే విషం. మన వైపు వానాకాలంలో నిలవ మొక్కజొన్నకి బూజు తొందరగా వస్తుంది, అందుకే లేత పొత్తులే కొంటాం.

మొదట రాజా గిన్నెలోంచి ముక్కలు తీసి ఒక్కొక్కటీ కింద పడేసేది. మా పనావిడ ఒక పని చేసింది. పంజరం ముందు కూర్చుని తన పళ్లెంలో గుమ్మడి ముక్కలు పెట్టుకుని తినేది, రాజాకి ఇచ్చేది కాదు. చిలుకలు గుంపులో తింటాయి, పక్కది ఏం తింటుందో చూసే నేర్చుకుంటాయి. చివరికి రాజా కడ్డీల దగ్గరికి వచ్చి మెడ చాచి ముక్క అడిగింది. పచ్చిమిరపకాయ మాత్రం మొదటి రోజు నుంచే తినేసింది. పక్షులకి కారం తెలియదు, గింజలు ఏరుకు తినడం వాటికి ఇష్టం.

అరుపు, ఈకలు

ఫిట్స్ ఆగి తిండి కుదిరాక కరవడం చాలావరకు దానంతటదే తగ్గింది. నీరసంగా, కాళ్లలో పట్టు లేకుండా ఉన్న పక్షి దగ్గరికి చెయ్యి వస్తే కరవక ఏం చేస్తుంది? మూడు కంప్లయింట్లలో ఒకటి ఎక్కువగా ఒంటికి సంబంధించినదే.

అరుపు అలా పోలేదు. రాజా ఇంజను హారన్ కొట్టేది, ఫోన్ రింగ్‌టోన్ పాడేది, పెద్దావిడ గొంతుతో "టీ తాగీసేవా?" అనేది. ఇంట్లో ఈ మూడింటికీ ఎవరో ఒకరు పరుగెత్తుకు వచ్చేవారు. అడవిలో గ్రేలు గుంపు కనబడకపోతే పిలుచుకుంటాయి, జవాబు వచ్చేదాకా పిలుస్తాయి. మనిషి గదిలోంచి వెళ్లిపోతే రాజా చేసేదీ అదే. తిట్టినా అది జవాబే, పంజరం మీద గుడ్డ కప్పినా జవాబే. మేము ఒక చిన్న ఈలని జవాబుగా పెట్టుకున్నాం. గట్టిగా అరిచినంతసేపూ ఎవరూ పలకరు, ఒక్క క్షణం ఆగినా, మెల్లగా ఏదైనా అన్నా దూరం నుంచే ఈల వేస్తారు. పనిచేసే అందరూ ఒకే మాట మీద ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఒక్కరు జాలిపడి పరుగెత్తినా మొదటికి వస్తుంది. కొన్ని వారాలకి రాజా తనే ఆ ఈల వేయడం మొదలుపెట్టింది. రాత్రి నిద్ర కూడా తోడ్పడింది, చీకటి పడ్డాక పది పన్నెండు గంటలు లైటు లేని, చప్పుడు లేని గది.

ఈకల సంగతి వేరు. పనిలేని ముక్కు ఒంటి మీదకే వెళ్తుంది. అడవిలో తిండి వెతుక్కోవడానికే రోజులో చాలాభాగం పడుతుంది, ఇంట్లో గిన్నె నిండుగా ముందుంటే ఆ పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. అందుకని తిండిలో సగం దాచి పెడతాం. మొక్కజొన్న పొత్తు తొక్కలో చుట్టి, వెదురు గొట్టంలో కూరి, కొబ్బరి చిప్పలో పీచు కింద పెట్టి, తాటాకు మడతల్లో. ఇవన్నీ ఊళ్లో ఊరికే దొరికేవే, కొన్న బొమ్మల కంటే బాగా నలుగుతాయి. కూర్చోవడానికి నున్నటి కర్ర కాకుండా జామ, వేప కొమ్మలు పెడతాం. లావూ సన్నం ఉంటే వేళ్లకి పట్టు మారుతూ ఉంటుంది, బెరడు ఒలుచుకుంటూ పొద్దు గడుపుతుంది. రోజు విడిచి రోజు స్ప్రేతో సన్నటి నీటి జల్లు. దానివల్ల పొడి తగ్గుతుంది, తడిసిన ఈకల్ని ముక్కుతో దువ్వుకునే పని దొరుకుతుంది.

పీకడం తగ్గింది, మానలేదు. మానింది రెండో గ్రే తోడయ్యాక.

ఇంకో గ్రే

రాజా కంటే ముందే విశాఖలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన మగ గ్రే ఒకటి మా దగ్గర ఉంది. రెండు పంజరాల్నీ ఒకదాని కాలి వేళ్లు ఇంకోదానికి అందనంత దూరంలో పక్కపక్కన పెట్టాం. చిలుకలు కడ్డీల్లోంచి వేళ్లు కొరికేస్తాయి కాబట్టి ఆ ఖాళీ తప్పదు. ఎంత కాలం అలా ఉంచాలన్నది పక్షులే చెప్తాయి. ఒకే సమయానికి తినడం, ఒకే వైపు కర్ర మీద నిద్రపోవడం, ఒకటి దువ్వుకుంటే రెండోదీ దువ్వుకోవడం కనిపించాక రెండింటినీ పొడవాటి ఎగిరే జాలీ గదిలోకి ఒకేసారి వదిలాం. ఆ గది రెండింటికీ కొత్తదే, కాబట్టి ఎవరి ఇలాకా అన్న గొడవ రాలేదు. తిండి గిన్నెలు రెండు, దూరం దూరంగా.

కత్తిరించిన రెక్క ఈకలు అప్పటికి చాలావరకు రాలి కొత్తవి వచ్చాయి. కోసిన ఈక పెరగదు, అది రాలిపోయి దాని చోట కొత్తది రావాలి. దానికి నెలలు పడుతుంది. రాజా మొదట కొమ్మ నుంచి కొమ్మకి దూకేది. రెండోది గది ఆ చివరికి ఎగిరిపోతే పిలిచేది. పిలిచినా అది రాకపోతే, అరుస్తూనే రెక్కలు విప్పి దాని దగ్గరికి ఎగిరింది. దిగడం రాక జాలీకి తగిలి జారింది. మళ్లీ ఎగిరింది. ఇప్పుడు గది పొడవునా వెళ్లి మలుపు తిరిగి వస్తుంది. రొమ్ము కండ చేతికి తెలుస్తోంది, బరువు 430 దగ్గర నిలబడింది. మగది రాజా తల దువ్వుతుంది, రాజా ముక్కుకి అందని చోటు అది ఒక్కటే. తన రొమ్ము మీద ఈకలు పీక్కోవడం రాజా అప్పటి నుంచి మానేసింది.

అందుకే నేను ఇంటింటా చెప్పే మాట: చిలుకకి రోజుకి గంటసేపు మనిషి ఇచ్చే ప్రేమ ఎంత నిజమైనదైనా మిగతా 23 గంటలకీ సరిపోదు. పెద్దాయన రాజాని ప్రాణంగా చూసుకున్నారు. ఆ ప్రేమలో ఏ లోపమూ లేదు, ఆయన ఇవ్వగలిగినంత ఇచ్చారు. ఇంకో చిలుక చేసే పని మనిషి చేయలేడు.

ఈ జంట నుంచి పిల్లల్ని తీయం. వదిలేసిన చిలుకలకే చోటు చాలడం లేదు. గూడు పెట్టె పెట్టం, చీకటి మూలలు ఉండనివ్వం, గూడు కట్టుకునేలా కాగితం చించడానికి మూలకి చేరితే ఆ కాగితం తీసేస్తాం. కాల్షియం తక్కువైన చరిత్ర ఉన్న ఆడపక్షికి గుడ్డు లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదకి వస్తుంది.

జాలీ గది గురించి ఒక మాట. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని నేలమట్టం చేసింది. మన తీరంలో పక్షుల షెడ్డు కట్టేవాళ్లు ముందు అది గుర్తుపెట్టుకోవాలి. మా గదుల ఇనుప గొట్టాలు కాంక్రీటులో దిగి ఉన్నాయి, కింద నడుమెత్తు గోడ, జాలీ అర అంగుళం సందు. ఎలుకలు, పాములు, ముంగిసలు దూరకుండా అడుగున కూడా జాలీ వేసి మట్టి కప్పాం. కొత్త జింకు పూత జాలీని వెనిగర్‌తో రుద్ది కడిగాకే పక్షుల్ని వదిలాం. పక్కనే శ్లాబు గది ఉంది. తుఫాను హెచ్చరిక వస్తే పక్షులన్నీ అందులోకి వెళ్తాయి.

ఇప్పుడు

పెద్దాయన నెలకోసారి వస్తారు. మనవడికి ఆయాసం తగ్గిందట, ఫోన్‌లో ఫొటో చూపిస్తారు. రాజా ఆయన్ని గుర్తుపడుతుంది, దగ్గరికి వచ్చి తల వంచుతుంది, తల మీదే నిమరమని మేము చెప్పాం, అలాగే చేస్తారు. కాసేపటికి రెండో గ్రే పిలిస్తే ఎగిరి అటు వెళ్తుంది. మొదటిసారి అలా వెళ్లినప్పుడు ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది, తర్వాత "బాగుందమ్మా, దానికి జత దొరికింది" అన్నారు.

రొమ్ము మీద నడిమధ్య చోట ఈకలు ఇంకా రాలేదు. ఏళ్ల తరబడి పీకిన చోట ఈక మొదళ్లు దెబ్బతింటే మళ్లీ రాకపోవచ్చని డాక్టరు చెప్పారు. ఆ చోటికి చలి తగలకుండా శీతాకాలం రాత్రులు లోపలి గదిలో పెడుతున్నాం. కాల్షియం 8.4కి వచ్చింది, మందు తగ్గించాం, ఎండ మాత్రం రోజూ ఉంటుంది. తర్వాతి రక్తపరీక్ష సంక్రాంతి దాటాక.